తేదీ లేని రేపు

చిన్నప్పుడు మా వైపు పల్లెల్లో కొన్నాళ్లపాటు ఏ తలుపు చూసినా, ఏ గోడ చూసినా ఒకటే రాత: ‘ఓ స్త్రీ రేపు రా’. బొగ్గుతో కొందరు, సుద్దముక్కతో కొందరు, జాజుతో కొందరు రాసుకున్నారు. రాత్రిపూట ఒక దయ్యం ఇంటింటికీ వచ్చి తలుపు కొడుతుందనీ, ఆ రాత చదువుకుని వెనక్కి మళ్లుతుందనీ, మర్నాడు మళ్లీ వచ్చి మళ్లీ అదే చదువుకుని పోతుందనీ చెప్పుకునేవారు. ఆ ఉపాయం బలమంతా ‘రేపు’ అనే మాటలో ఉంది. దానికి తేదీ లేదు. వారం పేరో, తిథో రాసి ఉంటే ఆ రోజున తలుపు తీయక తప్పేది కాదు.

ఇప్పుడు ఆ రాతలు గోడల మీద లేవు. కానీ మన పనుల మీద ఉన్నాయి. పొద్దున్నే నడవాలి. ఇంగ్లీషులో తడుముకోకుండా మాట్లాడడం నేర్చుకోవాలి. నాన్న పోయి నాలుగేళ్లయినా ఆయన పేరునే ఉన్న పొలం కాగితాలు మార్పించుకోవాలి. షుగరు పరీక్ష చేయించుకోవాలి. వీటిలో ఒక్కదాన్ని కూడా మనం వద్దనుకోలేదు, ఒక్కదానికి కూడా రోజు పెట్టుకోలేదు. చదువులో, ఉద్యోగంలో, ఆరోగ్యంలో ఉండాల్సిన చోట లేకుండా పోయిన ఎంతోమంది జీవితాల్లో నాకు పెద్ద దెబ్బలకంటే ఈ చిన్న చిన్న ‘చేయాలి’లే ఎక్కువగా కనిపించాయి.

ఈ విషయాన్ని మన ఇళ్లలో ఒక్క మాటతో తేల్చేస్తాం: బద్ధకం. మనస్తత్వ శాస్త్రం, ఆర్థిక శాస్త్రం గత నలభై, యాభై ఏళ్లలో దీనిమీద చేసిన పనీ, అంతకు చాలా ముందే మన పెద్దలు ఆలోచించి పెట్టిన కథలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ తీర్పు తప్పనిపిస్తుంది. తప్పే కాదు, హాని కూడా చేస్తోంది. వాయిదా పుట్టేది పని మీద అయిష్టంలో అయితే, అది బతికేది ఆ పనికి రోజు, చోటు, కొలత లేని అస్పష్టతలో. బద్ధకస్తుడని పేరు పెట్టినందువల్ల ఆ అయిష్టమూ తగ్గదు, ఆ అస్పష్టతా తొలగదు.

ముందు మాటల సంగతి. జాగు, జాప్యం, తాత్సారం, కాలయాపన, సాగదీత, నాన్చుడు, రేపూమాపూ అనడం: తెలుగులో దీనికి మాటలకు కొదవ లేదు. అన్నిటికంటే ఎక్కువగా వాడే ‘వాయిదా’ మాత్రం అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. మూలంలో దాని అర్థం మాట ఇవ్వడం. హిందీలో వాయదా అంటే ఇప్పటికీ వాగ్దానమే. మన దగ్గర అది అప్పు కట్టాల్సిన గడువు అయింది, కోర్టు వేసే తేదీ అయింది, చివరికి పని పక్కకు నెట్టడం అయింది. ఇది యాదృచ్ఛికం అని నేననుకోను. ‘సోమవారం నుంచి మొదలెడతా’ అనుకున్న మనిషి ఆ క్షణంలో తనకు తాను నిజంగానే మాట ఇస్తాడు. ఇచ్చిన వెంటనే సగం పని అయిపోయినంత తేలిక కలుగుతుంది. ఆ తేలిక కోసమే వాయిదా వేస్తామని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా ఆలస్యంగా కనుక్కున్నారు. దాని గురించి కొంచెం ముందుకెళ్లాక చెప్తాను.

భారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన కథల్లో రెండు ఆలస్యం గురించే. మొదటిది మూడు చేపల కథ. మడుగు నీళ్లను బెస్తవాళ్లు కాలువలు తీసి తోడేస్తుంటే, ముందుచూపు గల చేప వెంటనే వేరే మడుగుకి పోదామంటుంది, పోతుంది. రెండో చేప అప్పటికప్పుడు బుద్ధి పుట్టే ప్రత్యుత్పన్నమతి. పట్టుబడ్డ చేపల మధ్య తాడుని నోట కరుచుకుని, తానూ గుచ్చబడినట్టే నటించి, కడగడానికి నీళ్లలో ముంచినప్పుడు జారిపోతుంది. మూడోది దీర్ఘసూత్రుడు. ముందు చేప చెప్పింది బాగానే ఉందంటాడు కానీ, తొందరేమీ లేదంటాడు. ఆ మూడో చేప చచ్చిపోతుంది. దీర్ఘసూత్రుడంటే పొడుగు దారం వాడు, దేన్నయినా లాగీ లాగీ సాగదీసేవాడు. గమనించాల్సింది ఏమిటంటే, అతను సలహాని కాదనలేదు. ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కదలలేదు.

రెండో కథ చిరకారిది. పేరులోనే ఆలస్యంగా చేసేవాడని ఉంది. తండ్రి గౌతముడు కోపంలో తల్లిని చంపమని కొడుకుని ఆజ్ఞాపించి అడవికి వెళ్లిపోతాడు. చిరకారి కత్తి పట్టుకుని ఆలోచిస్తాడు. తండ్రి మాట కాదనడం ఎలా, తల్లిని చంపడం ఎలా, ఇద్దరిలో ఎవరికి ఎంత ఋణపడి ఉన్నాను, తల్లి తప్పు ఎంత. ఎంతోసేపు అలాగే ఆలోచిస్తూ ఉండిపోతాడు. ఈలోగా తండ్రికి కోపం దిగి, చేసిన పనికి కుమిలిపోతూ, నా కొడుకు ఈరోజు కూడా ఆలస్యం చేసి ఉంటే బాగుండునని వేడుకుంటూ పరిగెత్తుకొస్తాడు. తల్లి బతికే ఉంటుంది. ఆ ఆలస్యాన్ని తండ్రి మెచ్చుకుంటాడు.

ఒకే పర్వంలో, ఒకే తాత నోట, ఒకరిని ఆలస్యం చంపింది, ఒకరిని ఆలస్యం కాపాడింది. ‘ఆలస్యం అమృతం విషం’ అనే సామెత ఒక్కటే తెలిసినవాళ్లకి ఈ రెండో కథ ఇబ్బందిగా ఉంటుంది. తేడా ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఆగిన సమయంలో ఏం జరిగిందో చూడాలి. చిరకారి ఆగినంతసేపూ ఒక కష్టమైన ప్రశ్నని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీర్ఘసూత్రుడు ఆగినంతసేపూ ఏమీ చేయలేదు, నీళ్లు తగ్గాయి. కొత్తగా వచ్చిన పరిశోధన కూడా దాదాపు ఇదే చెప్తోంది. 2021లో జిహే షిన్, ఆడమ్ గ్రాంట్ ప్రచురించిన అధ్యయనంలో కొద్దిగా వాయిదా వేసినవాళ్ల ఆలోచనలు, అసలు వేయనివాళ్లకంటే, మరీ ఎక్కువ వేసేవాళ్లకంటే కొత్తగా ఉన్నాయి. అయితే దానికో షరతు ఉంది: ఆ సమస్య మీద మనసు లోలోపల పని చేస్తూ ఉండాలి, దాని మీద ఇష్టం ఉండాలి. అంచేత ఆగడం అంతా తప్పు కాదు. నిర్ణయం తేలనప్పుడు ఆగడం వివేకం. నిర్ణయం తేలిపోయాక ఆగడమే ఈ వ్యాసం విషయం.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన పియర్స్ స్టీల్ 2007లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కూడదీసి వేసిన లెక్క ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఎత్తి చూపేది. ఆయన చెప్పిన నిర్వచనంలో మూడు మెలికలున్నాయి: చేయాలని మనమే అనుకున్న పని, ఎవరూ బలవంతపెట్టకుండా మనమే వెనక్కి నెట్టడం, నెట్టితే నష్టమని తెలిసి కూడా నెట్టడం. ఈ మూడోది లేకపోతే అది వాయిదా కాదు, ప్రణాళిక. మరో సంగతి కూడా ఆయన లెక్కలో తేలింది. ‘నాకు అంతా పక్కాగా ఉండాలి, అందుకే మొదలుపెట్టలేను’ అని చాలామంది అంటారు కదా, ఆ పరిపూర్ణతా కాంక్షకీ వాయిదాకీ ఉన్న సంబంధం చాలా బలహీనం. గట్టి సంబంధం ఉన్నది పని మీద విసుగుకి, చేయగలనన్న నమ్మకం లేకపోవడానికి, ఎదురుగా ఉన్న సుఖానికి వెంటనే లొంగే స్వభావానికి, ఫలితం దూరంగా ఉండడానికి.

ఇక ఆ తేలిక సంగతి. 1997లో డయాన్ టైస్, రాయ్ బామైస్టర్ కళాశాల విద్యార్థులను సెమిస్టరు పొడుగునా గమనించారు. సెమిస్టరు మొదట్లో వాయిదా వేసేవాళ్లే హాయిగా ఉన్నారు, ఒత్తిడి తక్కువ, జబ్బులు తక్కువ. చివరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. ఒత్తిడి, జబ్బులు మిగతావాళ్లకంటే ఎక్కువయ్యాయి, మొత్తమ్మీద కూడా వాళ్లకే ఎక్కువ, మార్కులు తక్కువ. ఫ్యూషా సిరోయ్, టిమోతీ పిచిల్ 2013లో దీన్నే ఇంకా సూటిగా చెప్పారు: వాయిదా అన్నది కాలాన్ని సర్దుకోలేకపోవడం వల్ల వచ్చే జబ్బు కాదు, మనసుని సర్దుకునే తప్పుదారి. పని తలచుకోగానే భయమో, విసుగో, చిన్నతనమో కలుగుతుంది. దాన్ని పక్కకు నెడితే ఆ బాధ ఆ క్షణానికి పోతుంది. భారం మాత్రం రేపటి మనిషి మీద పడుతుంది, ఆ రేపటి మనిషి కూడా మనమే.

ఇది చదివినప్పుడు నాకు భగవద్గీత 18వ అధ్యాయం గుర్తొచ్చింది. తామస కర్త లక్షణాలు చెప్పే చోట అలసుడు అనే మాటా ఉంది, దీర్ఘసూత్రి అనే మాటా ఉంది. రెండూ ఒకటే అయితే రెండు మాటలు అక్కర్లేదు. ఆ రెండింటి నడుమ ఉన్న మాట ఇంకా ఆశ్చర్యం: విషాది. దిగులు పడేవాడు. సోమరితనాన్ని, దిగులుని, సాగదీతని విడివిడిగా గుర్తించి, దిగులునీ సాగదీతనీ పక్కపక్కన కూర్చోబెట్టిన ఆ చూపు నాకు చాలా సునిశితంగా కనిపిస్తుంది. మనం మాత్రం మూడింటినీ కలిపి బద్ధకం అనేశాం. బద్ధకస్తుడు పని లేకుండా సుఖంగా ఉంటాడు. వాయిదా వేసే మనిషికి ఆ సుఖం లేదు. పడుకుని ఫోను చూస్తున్నా లోపల ఆ పని ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. అలాంటి మనిషిని పట్టుకుని సోమరి అనడం అన్యాయం.

ఆర్థిక శాస్త్రవేత్తలు ఈ గది తలుపు ఆలస్యంగా తట్టారు. తట్టినవాళ్లలో ముఖ్యుడు జార్జ్ ఆకర్లాఫ్, కథ జరిగింది మన దేశంలోనే. ఆయన ఒక ఏడాది భారతదేశంలో ఉన్నప్పుడు స్నేహితుడు జోసెఫ్ స్టిగ్లిట్జ్ వచ్చి వెళ్తూ, విమానంలో సామాను పరిమితి వల్ల ఒక బట్టల పెట్టె వదిలి, తర్వాత అమెరికా పంపమన్నాడు. పంపడానికి ఒక రోజంతా పడుతుందని ఆకర్లాఫ్ అంచనా. ఎనిమిది నెలలకు పైగా ప్రతి ఉదయం లేచి, రేపు పొద్దున్న పంపాలి అని తీర్మానించుకున్నాడు. చివరికి వేరే స్నేహితుడి సామానుతో కలిపి పంపేశాడు. 1991లో రాసిన వ్యాసాన్ని ఆయన ఈ పెట్టెతో మొదలుపెట్టాడు. 2001లో ఆ ఇద్దరు స్నేహితులూ ఒకే నోబెల్ బహుమతిని పంచుకున్నారు. అంత తెలివి, అంత క్రమశిక్షణ ఉన్న మనిషి ఒక పెట్టె పంపలేకపోవడానికి కారణం ఏమిటి? ఈరోజు పడే కష్టం కళ్లకు పెద్దదిగా కనిపిస్తుంది, ఒక్క రోజు ఆలస్యం వల్ల వచ్చే నష్టం రవ్వంత. ప్రతి ఉదయం లెక్క వేస్తే ప్రతి ఉదయమూ రేపే మంచిదనిపిస్తుంది. ఆ రవ్వలన్నీ పోగుపడిన సంగతి ఏ ఒక్క ఉదయానా కనిపించదు.

ఇదే లెక్క పిల్లల ప్రాణాల దాకా పోతుంది. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రాంతపు పల్లెల్లో సేవా మందిర్ అనే సంస్థతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు చేసిన ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. ఏ మార్పూ చేయని ఊళ్లలో పిల్లలకు టీకాలన్నీ పూర్తయినది 6 శాతం. నెలనెలా తప్పకుండా టీకా శిబిరం పెట్టిన ఊళ్లలో 18 శాతం. అదే శిబిరంలో టీకా వేయించినప్పుడల్లా కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక భోజనం పళ్లేలు ఇచ్చిన ఊళ్లలో 39 శాతం. కిలో పప్పు కోసం నమ్మకాలు మార్చుకునేవాళ్లు ఉండరు. ఆ తల్లులకు టీకా మీద పెద్ద వ్యతిరేకత లేదు, వచ్చే నెల వేయిద్దాంలే అన్న మాట ఉంది. ఆ మాటని పప్పు ఓడించింది. అంతకుముందు, శిబిరం ఫలానా చోట కచ్చితంగా ఉంటుందన్న భరోసా ఒక్కటే 6ని 18 చేసిందన్న సంగతి దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. చోటు, రోజు తేలితే పప్పు లేకపోయినా కొందరు కదులుతారు.

ఇక్కడితో అసలు విషయానికి వచ్చాం. జర్మనీలో పీటర్ గోల్విట్జర్ 1990లలో మొదలుపెట్టిన ప్రయోగాలు చాలా సాదాసీదాగా ఉంటాయి. క్రిస్మస్ సెలవులకు ఇళ్లకు వెళ్లే విద్యార్థులకు, పండగ రాత్రి ఎలా గడిపారో రెండు రోజుల్లో రాసి పంపమని ఒక పని ఇచ్చారు. సగం మందిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసివ్వమన్నారు. అలా రాసిచ్చినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది గడువులో పని పూర్తిచేశారు. రాసివ్వనివాళ్లలో మూడింట ఒక వంతు. ఇద్దరికీ పని మీద ఉన్న సంకల్పం ఒకటే. 2006లో గోల్విట్జర్, పాస్కల్ షీరన్ కలిసి ఇలాంటి 94 పరీక్షలని ఒకచోట చేర్చి చూసినా ఇదే దారి కనిపించింది. ఫలానా అప్పుడు, ఫలానా చోట, ఫలానా పని అని తేల్చుకున్నవాళ్లకి ఆ సమయం వచ్చినప్పుడు మళ్లీ మనసుతో వాదన పెట్టుకోనక్కర్లేదు.

నాకు దీని విలువ పుస్తకాల్లో చదవకముందే ఒకసారి తెలిసింది. ఒక ఏడాది నా డైరీలో ‘అమ్మ కళ్లు’ అని ఒక పని ఉండేది. శుక్లం ఉందేమో చూపించాలి. ఆ రెండు మాటలు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఏడు నెలలు మోశాను. అమ్మ అడగలేదు, అడిగే మనిషి కాదు. బియ్యంలో రాళ్లు కనపడక పక్కింటావిడ చేత ఏరించుకుంటోందని తెలిసిన రోజు రాత్రి ఆ రెండు మాటలు కొట్టేసి, ‘మంగళవారం పొద్దున 8కి ఆటో, ఖాళీ కడుపు అక్కర్లేదు, పాత కళ్లద్దాలు తీసుకెళ్లాలి’ అని రాశాను. మంగళవారం వెళ్లాం. ఆ ఏడు నెలల్లో నాకు అమ్మ మీద ప్రేమ తక్కువేమీ కాదు. ‘అమ్మ కళ్లు’ అనేది పని కాదు, ఒక బెంగ. దాన్ని ఏ పూట మొదలుపెట్టాలో, ఎక్కడ పట్టుకోవాలో ఆ మాటల్లో లేదు.

హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో తిరిగినవాళ్లకి ఇది ఇంకా పెద్దఎత్తున కనిపిస్తుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ, గ్రూప్స్‌కి చదివే పిల్లల గదులు, మెస్సులు, జిరాక్స్ షాపులు. పల్లె నుంచి వచ్చి, తండ్రి పంపే డబ్బుతో ఒక మంచం అద్దెకు తీసుకుని చదివే ఆ పిల్లల్లో బద్ధకస్తుడు నాకు కనిపించలేదు. కనిపించింది వేరు. గోడకి నాలుగు రంగుల్లో టైమ్‌టేబుల్ ఉంటుంది, అందులో ‘5 నుంచి 9: పాలిటీ’ అని ఉంటుంది. పాలిటీలో ఏమిటి? ఏ అధ్యాయం? చదవడమా, నోట్సు రాయడమా, పాత ప్రశ్నలు చేయడమా? అది తేలని నాలుగు గంటల్లో మొదటి గంట ఎక్కడ మొదలుపెట్టాలన్న దాంతోనే పోతుంది. రెండో గంట కొత్త పుస్తకం మంచిదా, పాతది మంచిదా అన్న చర్చతో. రాత్రికి గంటన్నర చదివిన తృప్తి కూడా మిగలదు, నాలుగు గంటలు పోయిందన్న దిగులు మిగులుతుంది. వారం తర్వాత కొత్త టైమ్‌టేబుల్. ‘ఈ అధ్యాయం 12 పేజీలు, 40 ప్రశ్నలు, 7 గంటలకి లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ’ అని రాసుకున్న కుర్రాడు ఇతనికంటే తెలివైనవాడు కానక్కర్లేదు. టెస్ట్ సిరీస్‌కి డబ్బు కట్టినవాళ్లు ఎక్కువ చదవడానికి కారణం ఆ ప్రశ్నపత్రాల గొప్పతనం కంటే, ఆదివారం 10 గంటలకి పరీక్ష ఉందన్న తేదీ అని నా నమ్మకం.

ఇక్కడే ఒక మాట న్యాయంగా చెప్పాలి. అదే పిల్లల ఆలస్యంలో చాలా భాగం వాళ్లది కాదు. తెలంగాణ గ్రూప్-1కి 2022లో 503 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగితే, ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెడితే అదీ హైకోర్టులో నిలవలేదు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. ఇరవై ఆరేళ్ల వయసులో ఇరవై నెలలు అలా పోగొట్టుకున్న మనిషికి కాల నిర్వహణ మీద ఉపన్యాసం ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. వ్యక్తి అలవాట్ల గురించి రాసే ఏ వ్యాసమైనా ఈ గీత గీసుకోవాలి.

అలవాట్ల దగ్గరికి వద్దాం. 21 రోజులు చేస్తే ఏ పనైనా అలవాటవుతుందన్న మాట మన వాట్సాప్ సందేశాల్లో, శిక్షణ తరగతుల్లో స్థిరపడిపోయింది. దాని మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. ముఖం మారిన రోగులు కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ‘కనీసం’ అన్న మాట రాలిపోయి, రోగుల ముఖాల సంగతి మన వ్యాయామాల సంగతిగా మారిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి 2010లో ప్రచురించిన లెక్క వేరు. మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18, కొందరికి అంచనా కట్టి చూస్తే 254 వరకూ. మధ్యాహ్నం భోజనంతో ఒక పండు తినడం లాంటివి త్వరగా కుదిరాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మన ఆరంభశూరత్వాన్ని తిట్టుకునేవాళ్లకు ఇందులో ఓదార్పు ఉంది. 22వ రోజున ఇంకా బలవంతంగానే అనిపిస్తే లోపం మీలో లేదు, ఆ లెక్కలో ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఒక రోజు తప్పగానే ‘ఇక పోయింది’ అని మొత్తం వదిలేసేవాళ్లు ఎంతమందో!

సంకల్పబలం గురించి చెప్పుకున్నవాటిలో కూడా చాలా భాగం నిలబడలేదు. మనోబలం ఇంధనంలా ఖర్చయిపోతుందన్న సిద్ధాంతం 1998 నుంచి ఎంతో ప్రచారంలో ఉంది. 2016లో 23 ప్రయోగశాలలు, 2,000 మందికి పైగా మనుషులతో దాన్ని మళ్లీ పరీక్షిస్తే ఫలితం దాదాపు సున్నా. నిలబడింది ఇంకొకటి. నిగ్రహం ఎక్కువ ఉన్నట్టు కనిపించేవాళ్లు రోజంతా తమతో తాము పోట్లాడుకోరు. వాళ్లకి మంచి అలవాట్లు ఉంటాయి, అందుకే పోరాటం అక్కర్లేదు. బ్రయాన్ గల్లా, ఏంజెలా డక్‌వర్త్ 2015లో చూపించింది ఇదే. మనం రోజూ చేసేవాటిలో దాదాపు 43 శాతం ఆలోచించకుండా, ఒకే చోట, ఒకే వేళ చేసేవేనని వెండీ వుడ్ బృందం విద్యార్థుల చేత గంటగంటకూ రాయించి లెక్క తేల్చింది. చోటు మారితే అలవాటు తెగుతుందనీ ఆమె చూపింది. దసరాకి ఇంటికెళ్లిన కుర్రాడు పది రోజులు పుస్తకం ముట్టకపోవడం వెనుక ఉన్నది అదే. ఇంట్లో ఆ లైబ్రరీ కుర్చీ లేదు.

మా అమ్మమ్మల తరం ఈ చదువులేవీ చదవలేదు. సంధ్యదీపం పెట్టగానే పిల్లలు ఎక్కాలు చెప్పాలి. దీపం గుర్తు, ఎక్కాలు పని. మధ్యలో ‘మూడ్’ అన్న ప్రస్తావన లేదు. కరెంటు దీపాలు వచ్చాక వెలుగు మాత్రం వచ్చింది, ఆ గుర్తు పోయింది. ఇప్పుడు సాయంత్రం మన చేతిలో ఉన్న గుర్తు ఫోను మోత. అది పిలిచినప్పుడల్లా మనం వెళ్తున్నామంటే దాని తయారీలో ఎంతోమంది ఇంజనీర్ల శ్రద్ధ ఉంది. అవతల అంత స్పష్టంగా పిలుస్తుంటే, ఇవతల ‘బాగా చదవాలి’ అన్న నీరసమైన కోరిక ఎలా గెలుస్తుంది?

తెలుగులో వ్యక్తిత్వ వికాస సాహిత్యం ముప్పై ఏళ్లుగా బాగా అమ్ముడవుతోంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ చదవని మధ్యతరగతి ఇల్లు ఒకప్పుడు అరుదు. బి.వి. పట్టాభిరామ్ ఉపన్యాసాలు విని ధైర్యం తెచ్చుకున్న విద్యార్థులు ఎందరో. ఆ మేలు నేను కాదనను. పల్లెటూరి పిల్లవాడికి ‘నువ్వు చేయగలవు’ అని తెలుగులో చెప్పినవాళ్లు అంతకుముందు తక్కువ. అయితే వాళ్ల తర్వాత వచ్చిన పుస్తకాల్లో, వీడియోల్లో ఎక్కువ భాగం ఉత్సాహాన్నే అమ్ముతున్నాయి. ఉత్సాహం వచ్చినప్పుడు ఏ బల్ల ముందు, ఏ పేజీ తెరవాలో చెప్పేవి తక్కువ. ఒక వీడియో చూసి పొంగిపోయి, ఆ పొంగు తగ్గాక ఇంకో వీడియో వెతుక్కునే పిల్లలని చూస్తున్నాను. అది కూడా వాయిదాయే, పైకి చదువులా కనిపించే వాయిదా.

తిట్టడం గురించి చెప్పకుండా ముగించలేను. ‘వీడెప్పుడూ ఇంతే’ అన్న మాట మన ఇళ్లలో పిల్లలు ఎన్నిసార్లు వింటారో! కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ వోల్, పిచిల్, షానన్ బెన్నెట్ 2010లో ప్రచురించిన అధ్యయనం చిన్నదే కానీ ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సింది. మొదటి పరీక్షకి చదువు వాయిదా వేసిన విద్యార్థుల్లో, ఆ తప్పుకి తమని తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. తమను తాము క్షమించుకోనివాళ్లకి ఆ మేలు కలగలేదు. ఇది మెత్తటి మాటలా అనిపిస్తుంది కానీ, పైన చెప్పుకున్న కారణంతో చూస్తే సూటిగా అర్థమవుతుంది. పని తలచుకుంటేనే బాధ కలుగుతోంది కనక పారిపోతున్నాడు. ఆ పనికి అవమానం కూడా కలిపితే బాధ పెరుగుతుంది, ఇంకా దూరం పారిపోతాడు. ఇంటర్ పిల్లల విషయంలో ఈ అవమానం ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ఫలితాలు వచ్చిన ప్రతి వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలూ చూస్తున్నాయి.

దీని ఖర్చు మార్కులతో ఆగడం లేదు. స్వీడన్‌లో 3,525 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను తొమ్మిది నెలలు వెంబడించిన పరిశోధన 2023లో వచ్చింది. వాయిదా ఎక్కువ ఉన్నవాళ్లలో తర్వాతి నెలల్లో దిగులు, ఆందోళన, సరైన నిద్ర లేకపోవడం, ఒంటరితనం, డబ్బు ఇబ్బందులు కొంచెం ఎక్కువగా కనిపించాయి. సంబంధం కనిపించినంత మాత్రాన అన్నిటికీ వాయిదాయే కారణమని చెప్పలేం. దిగులే ముందు వచ్చి పనులు ఆపేసే సందర్భాలు ఉంటాయి. నెలల తరబడి ఏ పనీ ముట్టలేకపోతుంటే, నిద్ర, ఆకలి మారిపోతే, అది అలవాటు సమస్య కాకపోవచ్చు. టైమ్‌టేబుల్ పక్కన పెట్టి డాక్టరుని కలవాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు.

చివరిగా ఒక పెద్ద అంకె. 2024 మార్చి చివరికి మన బ్యాంకుల నుంచి ఎవరూ అడగక రిజర్వు బ్యాంకు నిధికి చేరి ఉన్న డిపాజిట్లు 78,213 కోట్ల రూపాయలు. పదేళ్లు కదలని ఖాతాల డబ్బు అది. అంతా వాయిదా వల్లే అక్కడికి చేరలేదు, ఊళ్లు మారినవాళ్లు, మరిచిపోయినవాళ్లు, చిన్న చిన్న మొత్తాలు వదిలేసినవాళ్లు ఉన్నారు. కానీ నామినీ పేరు రాయిద్దాంలే అనుకుంటూ పోయిన తండ్రులు, ఆ కాగితాల కోసం ఇప్పుడు తిరుగుతున్న పిల్లలు అందులో ఎంతమందో మన చుట్టాల్లోనే లెక్కపెట్టుకోవచ్చు. ఆ పనికి పట్టేది ఒక ఫారం, ఒక సంతకం. 2025 నవంబర్ నుంచి ఒక ఖాతాకి నలుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు.

ఈ వ్యాసం మూసేముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, వాళ్ల ఖాతాకి నామినీ ఉన్నారా అని. లేకపోతే ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు తీసుకెళ్తారో అక్కడే తేల్చుకుని కాలెండరు మీద రాయండి. శనివారం వెళ్దామనుకుంటే మాత్రం చూసుకుని రాయండి: రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు.